నేలను చదువ నేర్పిన ఆచార్యుడు: ఆల్డో లియోపోల్డు

ఉత్తర అమెరికాలో మిషిగన్ సరస్సునకు పడమర, సుపీరియర్ సరస్సునకు దక్షిణమున విస్కాన్సిన్ అను రాష్ట్రము కలదు. అది పాడిపంటలకు పేరుపడిన సీమ. శీతకాలము వచ్చెనా, నెలల తరబడి నేల మంచు క్రింద అణగియుండును. ఆ రాష్ట్రపు రాజధానియగు మాడిసన్ నగరములోని విశ్వవిద్యాలయము 1933వ సంవత్సరములో ఒక వింతయైన ఆచార్యపదవిని నెలకొల్పెను. గణితమునకు, రసాయనమునకు, వైద్యమునకు ఆచార్యులుండుట లోకమెరిగినదే. ఈ పదవి మాత్రము అడవిలోని, పొలములలోని వన్యప్రాణులను పెంపొందించు శాస్త్రమునకై ఏర్పడినది. అమెరికాలో అట్టి పదవి అదియే మొదటిది. దానికి ఎన్నికైనవాడు డాక్టరు పట్టము పొందినవాడు కాడు. అటవీ శాఖలో చిరకాలము పనిచేసి వచ్చిన నలుబదియారేండ్లవాడు. ఆయన పేరు ఆల్డో లియోపోల్డు.

ఆ పదవిలో చేరినవానికి విశ్వవిద్యాలయము మూడు పనులు అప్పగించెను. విద్యార్థులకు బోధించుట ఒకటి. పరిశోధన సాగించుట రెండవది. తెలిసికొనిన సంగతులను రైతులకు, వేటగాండ్రకు, బడిపిల్లలకు చేరవేయుట మూడవది. ఈ మూడవ పని ఆ విద్యాపీఠమునకు క్రొత్తది కాదు. రాష్ట్రపు ఎల్లలే విశ్వవిద్యాలయపు ఎల్లలు కావలెనను ఆదర్శము ఇరువదవ శతాబ్ది ఆరంభము నుండియు అచ్చట పాదుకొనియున్నది. పాలలో వెన్న యెంత కలదో సులభముగ లెక్కగట్టు పద్ధతిని 1890లో కనిపెట్టి పాడిరైతుల కందించినది ఆ విశ్వవిద్యాలయమే. అయితే వెన్నను గూర్చి చెప్పిన మాటను రైతు వెంటనే నమ్మును; దాని ఫలము రూకలుగా చేతికి వచ్చును. పొలముగట్టున నున్న పొదను నరుకవలదనియు, ఆకలితో మాడు అడవిలో ఆడుజింకలను కూడ తగ్గింపవలెననియు చెప్పిన మాటను నమ్మించుట యెట్లు? లియోపోల్డు జీవితములోని చివరి పదునైదేండ్లు ఈ ప్రశ్నతోనే గడచెను.

ఆయన 1887వ సంవత్సరము జనవరి 11వ తేదీన, మిసిసిపీ నది గట్టుమీదనున్న బర్లింగ్టన్ పట్టణములో జన్మించెను. ఆ పట్టణము అయోవా రాష్ట్రములోనిది. తండ్రి కార్ల్ లియోపోల్డు అక్రోటు కొయ్యతో మేజాబల్లలు చేయించు కర్మాగారమునకు యజమాని. వేటయనిన ఆయనకు మిక్కిలి ప్రీతి. ఐనను నీటిపక్షులు గూళ్లు కట్టుకొనుటకై తరలిపోవు వసంతకాలమున వానిని చంపుట తగదని, చట్టము అడ్డు చెప్పని దినములలోనే ఆయన తనంత తాను మానుకొనెను. ఈ నిగ్రహమును కుమారుడు చిన్ననాడే కన్నులార చూచెను. తండ్రి వెంట తెల్లవారుజామున నదీతీరపు చిత్తడినేలలలో తిరిగి, ఏ పిట్ట ఏ తుప్పలో దాగునో, ఏ జాడ ఏ జంతువుదో పిల్లవాడు నేర్చుకొనెను. పిదప యేల్ విశ్వవిద్యాలయమున చేరి, 1909లో అటవీశాస్త్రమున మాస్టరు పట్టము పొందెను.

అదే యేట ప్రభుత్వ అటవీ శాఖలో ఉద్యోగము దొరికెను. అపాచీ అటవీప్రాంతమునకు ఆయనను పంపిరి. అది ఆరిజోనాలోనిది, ఆరిజోనా, న్యూ మెక్సికోలు అప్పటికింకను రాష్ట్రములు కాలేదు. గుర్రముపై సవారి, కొండలలో మకాము, చెట్ల కొలతలు, ఇవియే దినచర్య. ఒకనాడు తోడివారితో కలిసి కొండచరియ మీద మధ్యాహ్న భోజనము చేయుచుండగా, క్రింద వాగు దాటి వచ్చుచున్న తోడేలు కనబడెను. దాని వెంట ఎదిగిన పిల్లలు కొన్ని యుండెను. తోడేలు కంటబడిన పిదప తుపాకి పేల్చక ఊరకుండుట ఆ దినములలో ఎవ్వరికిని తోచని సంగతి. గుండ్లు కురిసెను, తల్లి తోడేలు కూలెను. దిగివచ్చి దగ్గరగ నిలిచిన ఆ యువకుడు దాని కన్నులలోని వెలుగు ఆరిపోవుట చూచెను. ఆ దృశ్యము ఆయన హృదయమున ఎక్కడనో అణగి, ముప్పదియైదేండ్లకు గాని పైకి రాలేదు.

1912లో ఆయన న్యూ మెక్సికోలోని కార్సన్ అడవికి అధికారి యయ్యెను. శాంటా ఫే నగరపు పాతకుటుంబములోని ఎస్టెల్లా బెర్గెర్‌ను వివాహమాడెను. మరుసటి వసంతమున కొండలలో వడగండ్లలో, మంచులో తడిసి మూత్రపిండముల వ్యాధి తెచ్చుకొని, చావునకు దగ్గరగ పోయి వచ్చెను. సుమారు ఏడాదిన్నర పడక, విశ్రాంతి. గుర్రమెక్కి తిరుగు ఉద్యోగము ఇక సాగదని తేలెను. ఆ తీరికలోనే వేటజంతువుల సంరక్షణను గూర్చి లోతుగ ఆలోచించెనని చెప్పవచ్చును.

కోలుకొనిన పిదప ఆయన చేసిన మొదటి ప్రజాప్రచారము ఎంతో జయప్రదమయ్యెను. ఊరూర తిరిగి వేటగాండ్రను, పశుపాలకులను కూడగట్టి వేటజంతువుల రక్షణ సంఘములు స్థాపించెను. పైన్ కోన్ అను చిన్న పత్రికను నడిపెను. వేటనియమములు పాటింపుడు, దొంగవేటను ఆపుడు, జింకలు పెరుగుటకై తోడేళ్లను, ప్యూమాలను మట్టుపెట్టుడు అని దాని బోధ. తోడేలు తినెడి ప్రతి జింకయు వేటగానికి దక్కవలసినదే యని ఆ కాలపువారి లెక్క. జనులు చప్పట్లు చరచిరి. మాజీ రాష్ట్రపతి థియొడోర్ రూజ్‌వెల్టు 1917లో మెచ్చుకొనుచు జాబు వ్రాసెను. న్యూ మెక్సికోలోని చివరి తోడేలు, చివరి ప్యూమా చచ్చువరకు ఈ పని విడువరాదని 1920లో కూడ లియోపోల్డు సభలలో వాదించెను. శాస్త్రజ్ఞుడు తప్పు చెప్పినపుడు లోకము ఇంత త్వరగ ఒప్పుకొనుట గమనింపదగినది.

1924వ సంవత్సరమున ఆయన ప్రోద్బలముచేత గీలా నదీమూలముననున్న విశాలమైన అడవిని రోడ్లు లేని వన్యప్రదేశముగ ప్రభుత్వము ప్రకటించెను. అట్టి ప్రకటనలలో అది మొదటిది. కాని ఆ అడవిలో తోడేళ్లు, ప్యూమాలు అప్పటికే తరుగుచుండెను. కొలది యేండ్లలో జింకలు మితిమీరి పెరిగెను. వానిని తగ్గించుటకు వేటగాండ్రను లోపలికి పంపవలసివచ్చి, దశాబ్దము నిండకముందే ఆ వన్యప్రదేశమును చీల్చుకొని రోడ్డు తెరువబడెను. తాను కోరిన రెండు మేళ్లలో ఒకటి రెండవదానిని చెరుపుట ఆయన చూచెను. గ్రాండ్ కాన్యన్‌కు ఉత్తరమున కైబాబ్ పీఠభూమిలోను ఇదే కథ జరిగినదని ఆ కాలమున చెప్పుకొనిరి. కైబాబ్ అంకెలను తరువాతి పండితులు సందేహించినారు. గీలా రోడ్డును మాత్రము ఎవ్వరును సందేహింపనక్కరలేదు.

1924లోనే మాడిసన్ నగరములోని కలప పరిశోధనశాలకు సహాయ సంచాలకుడుగ వచ్చి చేరెను. నరికిన కొయ్యపై జరుగు పరిశోధనలు ఆయన మనసున కెక్కలేదు. 1928లో ఆ ఉద్యోగము వదలి, మధ్యపశ్చిమ రాష్ట్రములలో ఊరూర తిరిగి వేటజంతువుల స్థితిగతులను పరిశీలించెను. ఆ అనుభవమంతయు 1933లో వెలువడిన వేటజంతువుల నిర్వహణ గ్రంథమున చేరెను. చిరకాలము విద్యార్థులకు పాఠ్యగ్రంథమై నిలిచినది అదియే. ఆ యేడే విశ్వవిద్యాలయము ఆయనను పిలిచెను.

రైతులతో ఆయన పొత్తు అంతకు రెండేండ్ల ముందే ప్రారంభమైనది. 1931లో వేటచోటు వెదకుచు మాడిసన్‌కు సమీపమున రైలీ అను గ్రామము చెంత దాహమునకై ఒక రైతు ఇంట ఆగెను. మాటలలో ఇద్దరి కష్టములును బయటపడెను. అనుమతి లేక పొలములలో చొరబడు పట్టణపు వేటగాండ్రతో రైతునకు వేగలేకున్నది. వేటాడుటకు పక్షులు లేక పట్టణవాసికి విసుగుగ నున్నది. ఇద్దరును కలిసి ఒక సహకార సంఘము నేర్పరచిరి. చివరకు అందులో 11 మంది రైతులు, 5గురు పట్టణవాసులు చేరిరి. భూమి రైతులది, శీతకాలమున పక్షులకు వేయు ధాన్యమునకు, మొక్కలకు సొమ్ము పట్టణవాసులది. తుప్పలను కాపాడిరి, కంచెల వెంట పొదలను పెంచిరి. కౌజుపిట్టలు, ఫెసెంటు కోళ్లు ఎన్ని పెరిగినవో ప్రతియేట లెక్కించిరి. ఈ లెక్కలు విద్యార్థులకు పాఠములయ్యెను. పక్షుల సంఖ్య ఒక్కొక్క యేడు పెరిగి ఒక్కొక్క యేడు తగ్గినను, రైతును పట్టణవాసియు ఒకే గట్టుమీద నడచుట మానలేదు. లియోపోల్డునకు అదియే పెద్ద లాభముగ తోచెను.

విశ్వవిద్యాలయపు రేడియో నిలయము నుండి ఆయన రైతుల నుద్దేశించి ప్రసంగించెను. శీతకాలమున పొలముపని లేక కొలదివారముల చదువునకై వచ్చు పల్లె యువకులకు పాఠములు చెప్పెను. 1938 నుండి 1942 వరకు రైతుల పత్రికలో చిన్న చిన్న వ్యాసములు వ్రాసెను. గాలికి అడ్డముగ చెట్లవరుస పెంచిన పక్షులకును పశువులకును కలుగు మేలు, మంచుకాలమున పిట్టలకు మేత వేయు విధము, కాలికి కడియము తొడిగిన పక్షి దొరికినచో చేయవలసిన పని, వసంతమున తిరిగి వచ్చు హంసబాతుల రాక, ఇట్టివి ఆయన విషయములు. ఒక్కొక్కటి పత్రికలో చిన్న పెట్టెయంత చోటునే పట్టును. పండితసభలకు వ్రాయువాడు రైతు పత్రికకు వ్రాయుట చిన్నతనమని తలచువారు అన్ని దేశములలోను కలరు. లియోపోల్డునకు ఈ చిన్న వ్యాసములే పెద్ద బడి అయ్యెను. పెద్దమాట వ్రాసినచో రైతు పుట త్రిప్పివేయును. ఆ భయముచేత ఆయన శైలి నానాటికి తేటపడెను. తరువాత లోకప్రసిద్ధి పొందిన ఆయన రచనలకు బీజములు ఈ రైతు పత్రికలోనే పడినవి.

విద్యార్థులను గదిలో కూర్చుండబెట్టి పరీక్షకు తయారుచేయుట ఆయన పద్ధతి కాదు. లేక్ మిల్స్ పట్టణము చెంత ఫావిల్ గ్రోవ్ అనుచోట రైతులను ఒప్పించి వారి పొలములనే పరిశోధనక్షేత్రముగ మార్చెను. ఆర్థర్ హాకిన్స్ అను విద్యార్థి 1935 నుండి అక్కడనే నివసించెను. ఇరుగు పొరుగు రైతులు అతనిని తమవానిగ చూచుకొనిరి. ఆ ప్రాంతపు స్టౌటన్ ఫావిల్ అను వృద్ధ రైతు తన పాడితో పాటు అడవిపూలను కూడ ప్రేమించువాడు. దున్నబడని ప్రెయిరీ గడ్డిమైదానము ఒకటి అక్కడ మిగిలియుండెను. అందు అరుదైన తెల్ల ఆర్కిడ్ పూలు పూయుచుండెను. పశువుల మేతకు, నాగలికి ఆ మైదానము లొంగిపోవుచుండగా, లియోపోల్డు ఊరకుండక వ్యాసములు వ్రాసి, దాతలను కూడగట్టి, కొంత భాగమునైనను విశ్వవిద్యాలయపు పాలికి దక్కునట్లు చేసెను.

వన్యప్రాణుల వృత్తిలో చేరనివారికే ఉద్దేశించి ఆయన ఒక పాఠక్రమమును 1939లో రూపొందించెను. న్యాయవాదులు, ఉపాధ్యాయులు, వర్తకులు కాబోవు విద్యార్థులు దానికి వచ్చిరి. పల్లెదారి వెంట బండిపై పోవుచున్నట్లు ఊహించుకొమ్మని వారికి ఆయన పెట్టు పరీక్ష విచిత్రమైనది. అదిగో ఒక రైతు ఇల్లు. పెరటిలోని చెట్లను, పొలములోని మట్టిరంగును చూచి ఆ పొలము మొదట అడవిని కొట్టి చేసినదో గడ్డిమైదానమును దున్ని చేసినదో చెప్పవలెను. గట్టుమీద మొలచిన కలుపు మొక్కనుబట్టి నేల యెంత అలసినదో చెప్పవలెను. అక్కడ ఏ పక్షి నివసింపగలదో, ఏది ఎందుకు వెళ్లిపోయినదో చెప్పవలెను. జవాబులు పుస్తకములో లేవు, కిటికీలోనుండి కనబడుచున్నవి. మన భూగోళ, ప్రకృతిశాస్త్ర ఉపాధ్యాయులు బడి వెనుకనున్న చేనిలోనే ఈ పరీక్షను పెట్టి చూడవచ్చును.

శాస్త్రము వృత్తిపండితుల సొత్తు కాదని ఆయన నమ్మకము. ఓహాయో రాష్ట్రమున మార్గరెట్ మోర్స్ నైస్ అను గృహిణి తన ఇంటి చుట్టునున్న తోటలలో ఒక చిన్న పాటపిట్ట జీవితమును ఏండ్ల తరబడి పరిశీలించి ప్రపంచపు పండితులకే మార్గము చూపెను. ఆమెను లియోపోల్డు తరచు ఉదాహరించువాడు. జోసెఫ్ హికీ అను శిష్యుడు పక్షులను గమనించు విధమును సామాన్యులకు బోధించు పుస్తకము వ్రాయగా, దానినే మాస్టరు పట్టమునకు సిద్ధాంతవ్యాసముగ ఆయన అంగీకరించెను. ఆ పుస్తకము 1943లో వెలువడెను. జనులకొరకు వ్రాసినది కావున పరిశోధన కాదనువారికి ఆ ఆచార్యుని శాఖలో తావు లేకపోయెను.

ఇక ఆయన సొంత బడి ఒకటి కలదు. 1935లో బారబూ పట్టణమునకు సమీపమున, విస్కాన్సిన్ నది ఒడ్డున, ఎనుబది యెకరముల పాడుపడిన పొలమును చవుకగ కొనెను. ఇసుకనేల, సాగుచేసి చేసి సారము పీల్చివేసి యజమాని విడిచిపోయినది. అక్కడ మిగిలిన కట్టడము పెంటతో నిండిన కోళ్ల పాక ఒక్కటే. దానిని కడిగి, అగ్గిగూడు కట్టి, భార్యతోను ఐదుగురు బిడ్డలతోను వారాంతములు అక్కడనే గడపెను. ప్రతి వసంతమున వేలకొలది పైను మొక్కలు నాటిరి. తొలి యేండ్లలో అనావృష్టిచేత దాదాపు అన్నియు చచ్చెను, మరల నాటిరి. చీకటి విడకముందే లేచి, కాఫీ కుండను ప్రక్కన పెట్టుకొని, ఏ పిట్ట ఎన్ని గంటలకు, వెలుగు ఎంత యున్నపుడు కూతవేయునో ఆయన వ్రాసికొనువాడు. మొదటి హంసబాతు ఎన్నడు వచ్చెను, ఏ పూవు ఎన్నడు విచ్చెను అను వివరములు పదేండ్లపాటు చిట్టా కెక్కెను. సారా ఎలిజబెత్ జోన్స్ అను శిష్యురాలితో కలిసి 1947లో ఆ చిట్టాను ప్రకటించెను.

ఆ నది ప్రాంతపు చిత్తడులలో సాండ్‌హిల్ క్రౌంచములు నివసించును. ఆదికవి శోకమునకు కారణమైన క్రౌంచము సారస పక్షియేయని కొందరు పండితుల మతము. మన నిఘంటువులలో దానికి బెగ్గురు అని పేరు. నేటి పక్షిశాస్త్రము సాండ్‌హిల్ క్రౌంచమును, సారసమును ఒకే ప్రజాతిలో చేర్చుచున్నది. చిత్తడులను కాలువలు త్రవ్వి ఎండగట్టుటచేత 1930ల నాటికి విస్కాన్సిన్‌లో ఈ పక్షులు సుమారు 25 జతలు మాత్రమే మిగిలినవని ఆనాటి లెక్క. వానిని గూర్చి లియోపోల్డు 1937లో వ్రాసిన వ్యాసము చరమగీతమువలె నుండును. అదృష్టవశాత్తు ఆ విషయమున ఆయన భయము ఫలింపలేదు. నేడు ఆ రాష్ట్రమున అవి వేలకొలది కలవు.

ఇంతవరకు జనులు ఆయన మాటను మన్నించిరి. జింకల విషయము వచ్చుసరికి కథ మారెను. విస్కాన్సిన్ ఉత్తరభాగమున అడవులు కొట్టివేయబడి, లేతతుప్పలు మొలచి, తోడేళ్లు దాదాపు నశించి, తెల్లతోక జింకలు మితిలేక పెరిగెను. ఏండ్లనుండి చట్టము మగజింకల వేటను మాత్రమే అనుమతించుచుండెను. లోతుగ మంచు కురిసినపుడు జింకలు దట్టమైన సీడారు చిత్తడులలో గుమిగూడును. అప్పుడు గడ్డి దొరకదు; చెట్ల లేతకొమ్మల చివరలే మేత. తెల్ల సీడారు వానికి ప్రాణాధారము. నోటికందు ఎత్తువరకు అది యంతయు ఐపోయినచో ఫర్ చెట్ల ఆకులకు దిగును. వానితో కడుపు నిండును కాని ప్రాణము నిలువదు. పై కొమ్మలు అందవు గనుక పిల్లలు మొదట చచ్చును. గీత గీచినట్లు అడవియంతట చెట్ల క్రిందిభాగము బోడియగును. చచ్చిన జింకల లోటు కొలది యేండ్లలో తీరవచ్చును. తినివేయబడిన అడవి కోలుకొనుటకు ఒక తరము పట్టును.

1942లో ప్రభుత్వము ఏర్పరచిన పౌరసంఘమునకు లియోపోల్డు అధ్యక్షుడయ్యెను. శీతకాలపు చివర సంఘసభ్యులు మంచులో నడచి ఉత్తరపు చిత్తడులకు పోయిరి. సందేహముతో వెళ్లినవారు కూడ మేత కడుపులోనే యుండగా ఆకలిచే చచ్చిన జింకపిల్లలను చూచి మౌనము వహించిరి. ఆడుజింకలను కూడ తగ్గింపక తప్పదని సంఘము తేల్చెను. 1943లో గవర్నరు ఆయనను రాష్ట్ర సంరక్షణ మండలిలో సభ్యునిగ నియమించెను. ఆ శరత్తున మొదట నాలుగు దినములు మగజింకల వేట, కొంత విరామము, పిదప నాలుగు దినములు కొమ్ములు లేని జింకల వేట నడచెను. మొత్తము సుమారు 1,28,000 జింకలు చచ్చినవని లెక్క తేలెను.

రాష్ట్రము అట్టుడికెను. తల్లిజింకను వేటగాడు చంపు దృశ్యముగల వాల్టు డిస్నీవారి బ్యాంబీ చలనచిత్రము వెలువడి అప్పటికి ఏడాది దాటినది. దానిని చూచి కంటతడి పెట్టినవారు, వేటకు జింకలు మిగులవని భయపడినవారు, యాత్రికులపై బ్రతుకు విడిదియిండ్లవారు, అందరును ఏకమైరి. జింకల రక్షణ పేరుతో ఒక పత్రికయే వెలసి, ప్రతి సంచికలో ఆచార్యుని దుమ్మెత్తిపోసెను. పుస్తకముల మనిషికి అడవి ఏమి తెలియునని ఎగతాళి. నలుబదియేండ్లు అడవిలో తిరిగినవానికి ఆ మాట! సంఘసభ్యులను చిత్తడికి తీసికొనిపోవ వీలయ్యెను గాని, రాష్ట్రములోని లక్షల జనమును తీసికొనిపోవ వీలుకాలేదు. చూచినవారు నమ్మిరి, విన్నవారు నమ్మలేదు. జింకల లెక్కలో ఆయన తప్పలేదు, జనుల మనస్సుల లెక్కలో తప్పెను. అంత పెద్ద మార్పును ఒక్క శరత్తులో తెచ్చుట తొందరపాటేయని చెప్పవలెను. మరుసటి సంవత్సరము మండలి వెనుకకు తగ్గి పాతచట్టమునకే మరలెను. లియోపోల్డు పదవి విడువలేదు. సభకు పోవుట, తిట్లు వినుట, మరల అదే లెక్కలు ఓపికతో చెప్పుట మానలేదు.

ఈ దుమారము నడుమ ఆయనకు గొప్పపాఠము చెప్పినవాడు ఒక శిష్యుడు. ఆల్బర్ట్ హోక్‌బామ్ అనునతడు చిత్రకారుడు, బాతుల పరిశోధకుడు. కెనడాలోని మానిటోబాలో డెల్టా చిత్తడిలో పనిచేయుచుండెను. గురువుగారి వ్యాసములను పుస్తకముగ చేర్చి బొమ్మలు గీయు తలంపుతో వ్రాతప్రతులను చదివి, 1944 ఆరంభమున జాబుల మీద జాబులు వ్రాసెను. లోకమంతయు తప్పుచేయుచున్నట్లును, గురువు ఒక్కడే మొదటినుండియు తెలివిగలవాడైనట్లును ఈ వ్యాసములు తోచుచున్నవని అతడు నిర్మొగమాటముగ తెలిపెను. తోడేళ్లను నాశనము చేసినవారిలో గురువును ఒకడే కదా, ఆ సంగతి చెప్పవలదా యని ప్రశ్నించెను. గురువు మొదట బిగుసుకొనెను. పిదప 1944 ఏప్రిల్ నెలలో కలము పట్టి, ఆరిజోనా కొండచరియమీద తాను చంపిన తోడేలు కథను వ్రాసెను. తోడేళ్లు లేని కొండ జింకలచేత ఎట్లు బోడియగునో ఆ చిన్న వ్యాసమున చూపెను. ఆయన రచనలలో నేటికిని ఎక్కువమంది చదువునది అదియే. జనులకు లెక్కలు చెప్పినపుడు చెవికెక్కని సంగతి తన తప్పు చెప్పినపుడు ఎక్కెను. శిష్యుడు గురువును ఇట్లు దిద్దుట, గురువు దిద్దుబాటును స్వీకరించుట, ఈ రెండింటిలో ఏది యెక్కువ అరుదో చెప్పుట కష్టము.

ఆ తోడేలు పడిన ప్రాంతమున ఆ జాతి పూర్తిగ అంతరించెను. బంధములో పెంచిన 11 తోడేళ్లను 1998వ సంవత్సరమున ఆరిజోనాలోని ఆ అడవులలోనే ప్రభుత్వము మరల విడిచిపెట్టెను.

వ్యాససంపుటి ప్రకాశకుల యిండ్ల చుట్టు తిరిగెను. పిట్టల ముచ్చట్లకును నేలపట్ల మనుష్యుని ధర్మమును గూర్చిన చర్చకును పొత్తు కుదరలేదని త్రిప్పి పంపిరి. 1947లో ముఖనరముల దుర్భరమైన బాధకు మెదడు వద్ద శస్త్రచికిత్స జరిగెను. ఆ యేడే మే నెలలో, వైయలూసింగ్ అను కొండపై యాత్రిక పావురమునకు రాష్ట్రపు పక్షిప్రేమికులు స్మారకశిల నెలకొల్పిరి. ఒకప్పుడు కోట్లకొలది ఆకాశమును క్రమ్మిన ఆ పావురము మనుష్యుల వేటచేత నశించి, చివరిది 1914లో సిన్సినాటి జంతుశాలలో చచ్చెను. ఒక జాతి చావునకు మరియొక జాతి శోకించుట క్రొత్తవింత యని ఆ శిలను గూర్చి లియోపోల్డు వ్రాసెను.

1948 ఏప్రిల్ 14వ తేదీన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు పుస్తకమును అచ్చువేయుదుమని తెలిపిరి. వారము గడచెను. 21వ తేదీ ఉదయమున పాక వద్ద ఆయన, భార్య, చిన్న కుమార్తె యుండగా పొరుగు రైతు పొలమున పొగ లేచెను. గడ్డి అంటుకొని పైను మొక్కల వైపు వచ్చుచుండెను. నీటి పంపును వీపున తగిలించుకొని మంటల నార్పబోయిన ఆయన, ఒంటరిగ నున్నవేళ గుండెపోటుచే నేలకొరిగెను. వయస్సు 61. దేహమును పుట్టినయూరు బర్లింగ్టన్‌లో ఖననము చేసిరి.

కుమారుడు లూనా, శిష్యులు సవరించి తుదిరూపు నిచ్చిన పుస్తకము సాండ్ కౌంటీ ఆల్మనాక్ అను పేర 1949లో వెలువడెను. సాండ్ కౌంటీ యను జిల్లా ఏ పటమునను లేదు. ఇసుక నేలల సీమకు అది ముద్దుపేరు. తొలుత నెమ్మదిగ సాగి, 1960ల చివర చవుక ప్రతులు వచ్చిన పిదప అది లక్షలకొలది అమ్ముడుపోయెను. ఆడుజింకల వేటను కూడ అదే 1949లో రాష్ట్రము మరల అనుమతించెను. ఆచార్యుడు చూడలేదు.

ఆయన శిష్యులు ఇరువదికి మించినవారు పట్టములు పొంది దేశమంతట వ్యాపించిరి. హికీ అదే విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, పెరిగ్రిన్ డేగలు మాయమగుటను గూర్చి 1965లో మాడిసన్‌లో అంతర్జాతీయ సభ జరిపెను. డీడీటీ విషముచేత పక్షుల గ్రుడ్ల పెంకులు పలుచబారుచున్నవని 1968లో మరియొకరితో కలిసి నిరూపించెను; అదే నగరమున జరిగిన బహిరంగ విచారణలో సాక్ష్యము చెప్పెను. 1970లో విస్కాన్సిన్, 1972లో దేశమంతయు డీడీటీని నిషేధించెను. పాక వద్ద వ్రాసిన ఋతువుల చిట్టాను పెద్ద కుమార్తె నైనా పిదప కొనసాగించెను. పాత లెక్కలను క్రొత్తవానితో పోల్చి, పలు పూలు, పక్షులు మునుపటికంటె ముందుగనే వచ్చుచున్నవని 1999లో ఆమెయు సహచరులును ప్రకటించిరి. భూమి వేడెక్కుచున్నదనుటకు అది యొక సాక్ష్యమయ్యెను.

మరి ఫ్రెడరిక్, ఫ్రాన్సెస్ హామర్‌స్ట్రామ్ దంపతులు కలరు. లియోపోల్డు వద్ద పట్టము పొందిన స్త్రీ ఫ్రాన్సెస్ ఒక్కతెయే. వీరు ప్లెయిన్‌ఫీల్డ్ అను పల్లెచెంత పాతయింటిలో కాపురముండి, అంతరించుచున్న ప్రెయిరీ కోళ్లను కాపాడుటకు జీవితమును ధారపోసిరి. వసంతమున ఆ మగకోళ్లు మెడసంచులను పొంగించి గుమ్ముమని కూయుచు నృత్యము చేయును. ఆ వింతను చూడగోరి ఎచ్చటెచ్చటి నుండియో జనులు వచ్చువారు. ఊరక చూచిపోవుట మాత్రము కుదరదు. రాత్రి హామర్‌స్ట్రామ్‌ల యింటి నేలమీద పండుకొనవలెను; తెల్లవారకముందే లేపినచో లేవవలెను; మంచులో నడచి చాటుగూటిలో కూర్చుండి, ఏ కోడి కాలికి ఏ రంగు కడియమున్నదో, ఏది ఎక్కడ నిలిచెనో కాగితముపై వ్రాసి తేవలెను. విద్యార్థులు, గృహిణులు, వర్తకులు, వేటగాండ్రు, వేలకొలది మంది ఆ కాగితములు నింపిరి. రెండు దశాబ్దములకు పైబడిన ఆ పరిశోధనను హామర్‌స్ట్రామ్‌లు 1973లో గ్రంథముగ ప్రకటించిరి.